కురిడీ చప్పుడు వినిపించడం లేదట

ప్రశ్న: అక్కయ్య గారికి నమస్కారం. మాది అంబాజీపేట దగ్గర పల్లె. మా వారికి 54 ఏళ్లు, కురిడీ కొబ్బరి (కాయలోనే ఎండి చిప్ప నుంచి విడిపోయే కొబ్బరి) వ్యాపారం. గొంతు క్యాన్సర్ అని తేలాక రాజమహేంద్రవరంలో గది తీసుకుని రేడియేషన్ పెట్టిస్తున్నాం. దానితో పాటు మూడు వారాలకు ఒకసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కిస్తున్నారు. రెండు అయ్యాయి, మూడోది పదకొండు రోజుల్లో ఉంది. రెండోది అయిన నాలుగు రోజులకు చెవుల్లో కీచురాళ్లు అరుస్తున్నాయన్నారు. మొన్న ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు అటక మీది కాయలు దింపించి చెవి దగ్గర ఊపి చూశారు. కాయ ఊపి లోపల కురిడీ విడిందో లేదో ముప్ఫై ఏళ్లుగా చెబుతున్న మనిషి, “చప్పుడు రావడం లేదు” అని కాయ కింద పెట్టేశారు. నాకు గలగలా వినిపించింది. డాక్టరుకు చెబితే మందు ఆపేస్తారని నా చేత ఒట్టు వేయించుకున్నారు. నేను గట్టిగా మాట్లాడితే ఎందుకు అరుస్తావని కసురుకుంటున్నారు. తనను లెక్కచేయక ఆయన పలకడం లేదని మా అత్తగారు అనుకుంటున్నారు. వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో వేయమని పక్కింటివారు చెబుతున్నారు. చెవి చెడకుండా సోడియం థయోసల్ఫేట్ అనే మందు ఉందని మా అబ్బాయి ఫోనులో చదివి చెప్పాడు. సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళదామని మా వారి కోరిక. నేనేం చేయాలి?
– ఒక సోదరి, కోనసీమ

జవాబు: అమ్మా, పత్రిక అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదు కనుక, మీరు రాసిన నంబరుకు ఆ రోజే ఫోను చేసి ముఖ్యమైన మాట చెప్పాను. అదే ఇక్కడ మళ్లీ రాస్తున్నాను, ఇంకో ఇంట్లో ఇంకో ఇల్లాలు ఇలాంటి ఒట్టే వేసి కూర్చుని ఉండవచ్చు. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టండి. మూడో విడత మందు ఎక్కించకముందే, చెవుల్లో మోత ఏ రోజు మొదలైందో, ఏ చప్పుడు వినిపించడం లేదో డాక్టరుకు చెప్పండి.

చెప్పినంత మాత్రాన వైద్యం ఆగిపోదు. పరీక్ష చేయించి, నష్టం ఎంతో చూసి, అదే మందు కొనసాగించవచ్చు, మోతాదు మార్చవచ్చు, కార్బోప్లాటిన్ లాంటి మరో మందు ఆలోచించవచ్చు. గొంతు క్యాన్సర్‌లో రేడియేషన్‌కు సిస్‌ప్లాటిన్ పెద్ద అండ. దాన్ని వదులుకోవాలా వద్దా అనే లెక్క తెలిసినవారే వేయాలి. కాకపోతే ఆ లెక్కలో ఆయన చెవులు కూడా ఉండాలి కదా! చెప్పకపోతే అవి లెక్కలోకే రావు. ఆయన భయం నాకు అర్థమవుతుంది. ప్రాణం ముందు చెవి ఎంత అనుకున్నారు. మా అన్నయ్య కూడా అలాగే అనుకున్నాడు.

అన్నయ్యకు ఇదే మందు పెట్టారు. చెవులకు దెబ్బ తగలవచ్చని మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఒక మధ్యాహ్నం పాలకొల్లులో మా ఇంట్లో అన్నం వడ్డిస్తూ, “పప్పు వేయనా?” అని అడిగాను. చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. తలెత్తి నా ముఖంలోకి చూసి, “ఏం తప్పు?” అన్నాడు. నేను విసుక్కున్నాను. అతనికి పప్పు తప్పుగా వినిపించిందని నాకు తెలియడానికి ఇంకా రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల విసుగు ఇప్పటికీ నన్ను వదలలేదు.

ముప్ఫై ఒక్క ఏళ్లు తెలుగు టీచరుగా పనిచేసినదాన్ని, కనుక నాకు అర్థమైన తీరులో చెబుతాను. అచ్చులు బరువైన ధ్వనులు, దూరానికి కూడా వినిపిస్తాయి. క చ ట త ప అనే పరుషాలు, శ ష స అనే ఊష్మాలు సన్నని ధ్వనులు, క్షణంలో పుట్టి క్షణంలో పోతాయి. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియా అనే భాగం ఉంటుంది. దాని మొదట్లో ఉన్న కణాలు సన్నని ధ్వనులను పట్టుకుంటాయి. సిస్‌ప్లాటిన్ ముందు దెబ్బ తీసేది ఆ కణాలనే, సాధారణంగా రెండు చెవుల్లోనూ. అవి మళ్లీ పుట్టవు. శరీరంలో మిగతా చోట్ల నుంచి వెళ్లిపోయినా ఈ మందు లోపలి చెవిలో నెలల తరబడి నిలిచి ఉంటుంది. అందుకే వైద్యం ముగిశాక కూడా వినికిడి ఇంకొంత తగ్గవచ్చు. అచ్చులు వినిపిస్తూ పరుషాలు జారిపోతే పప్పు, తప్పు, కప్పు అన్నీ ఒకటే. మాట వస్తున్నట్టు తెలుస్తుంది, ఏ మాటో తెలియదు. మీ వారికి గోదావరి మీద పంటు ఇంజను మోత వినిపిస్తుంది, వంటింట్లో కుక్కరు కూత వినిపించకపోవచ్చు. ఇది మీ అత్తగారికి విడమరచి చెప్పండి. “వాడు కావాలని పలకడం లేదు” అన్న మాట ఆ ఇంట్లో ఇంక వినపడకూడదు.

పరీక్ష సంగతికి వస్తే, మామూలు ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) 8000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, ధ్వని ఎంత సన్ననిదైతే ఈ అంకె అంత పెద్దది. ఈ నష్టం తరచు అంతకన్నా పైస్థాయిలో మొదలవుతుంది. “అంతా బాగుంది” అన్నా సరే, పై ధ్వనులకు కూడా పరీక్ష చేయగలరా అని అడగండి. మందు మొదలుపెట్టకముందు తీసిన ఆడియోగ్రామ్ ఉంటే వెంట తీసుకువెళ్లండి. లేకపోతే ఇప్పుడు తీసిందే ఇకపై పోల్చి చూడటానికి ఆధారం. చెవి, ముక్కు, గొంతు డాక్టరు చేత కర్ణభేరి కూడా చూపించండి. రేడియేషన్ వల్ల దాని వెనుక నీరు చేరి ఉండవచ్చు, లేదా చెవిలో గుబిలి అడ్డుపడి ఉండవచ్చు. ఆ రెండింటి వల్ల తగ్గిన వినికిడికి చికిత్స ఉంది. జ్వరానికో, ఒంటి నీరుకో మరెక్కడైనా మందు రాస్తుంటే సిస్‌ప్లాటిన్ వాడుతున్న సంగతి ముందే చెప్పండి. అమికాసిన్, జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్‌లు, ఒంటి నీరు తీసే ఫ్యూరోసెమైడ్ చెవి నష్టాన్ని పెంచవచ్చు.

వెల్లుల్లి నూనె వద్దు. దెబ్బ తగిలింది కర్ణభేరికి అవతల, నూనె అక్కడికి చేరదు. కీమోలో తెల్ల రక్తకణాలు తగ్గి ఉన్న మనిషికి చెవిలో పుండు పడితే ఆసుపత్రిలో చేర్చవలసి వస్తుంది. మీ అబ్బాయి చెప్పిన మందు నిజమైనదే. అమెరికాలో 2022లో అనుమతి ఇచ్చారు, అయితే అది నెల దాటిన పిల్లలకు, వేరే భాగాలకు పాకని గడ్డలకు సిస్‌ప్లాటిన్ ఇస్తున్నప్పుడు. మీ వారికోసం అనుమతించింది కాదు. పిల్లవాడిని నిరుత్సాహపరచకండి, తను చేయగలిగింది వెతికాడు.

ఇప్పుడు మీ ఇంటి మాట. గట్టిగా అరవకండి. అరిస్తే అచ్చులు ఇంకా పెద్దవవుతాయి, పరుషాలు అక్కడే ఉంటాయి. పైగా ముఖం కోపంగా కనిపిస్తుంది. ఆయన చూపు మీ మీద పడ్డాక, వెలుతురు మీ ముఖం మీద ఉండేలా ఎదురుగా కూర్చుని, నిదానంగా మాట్లాడండి. మిక్సీ, టీవీ ఆపండి. ఒక మాట అందకపోతే అదే మాట నాలుగుసార్లు అనకండి, వేరే మాట వేయండి. “పప్పు” అందకపోతే “ముద్దపప్పు, నెయ్యి” అనండి, గిన్నె చూపించండి. రేడియేషన్‌తో గొంతు మండుతూ ఆయనకు మాట్లాడటమూ కష్టంగా ఉండి ఉంటుంది. అందుకని ఇద్దరి మధ్య ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను ఉంచండి. డాక్టరు చెప్పింది అక్కడే అందులో రాసి ఆయనకు చూపించండి. ఆయన వైద్యం గురించి ఆయన పక్కన కూర్చుని ఉండగా మీరూ డాక్టరూ మాత్రమే మాట్లాడుకోవద్దు. మాటను అక్షరాలుగా చూపించే సదుపాయం ఫోనులో తెలుగులోనూ ఉంది, మీ అబ్బాయిని పెట్టమనండి.

రాత్రి ఊరు సద్దుమణిగాక కీచురాళ్ల మోత ఎక్కువవుతుంది. పూర్తి నిశ్శబ్దంలో పడుకోబెట్టకండి. ఫ్యాను చప్పుడో, చిన్నగా రేడియోనో ఉంటే కొంత తేలికపడుతుంది.

జగ్గన్నతోటకు ఈ ఏడాది వద్దు. తాషాలు, బాణసంచా దెబ్బ తిన్న చెవికి ఇంకా చేటు. కీమో మధ్యలో అంత జనంలోకి వెళ్లడం దానికన్నా చేటు. ప్రభ మీ ఊరి నుంచే బయలుదేరేటట్టయితే, అరుగు మీద కూర్చోబెట్టి దూరం నుంచి చూపించండి.

చెవి మిషను ఇప్పుడే కొనకండి. ఆడియోగ్రామ్ చూడకుండా అమ్మేవి అసలు కొనకండి. వైద్యం ముగిసి మళ్లీ పరీక్ష అయ్యాక, దాన్నిబట్టి అమర్చుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఆడిప్ పథకంలో వినికిడి పరికరాలు ఇస్తారు, కానీ దానికి వైకల్య ధ్రువపత్రం కావాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం మాటల స్థాయి ధ్వనుల్లో రెండు చెవులకూ 60 డెసిబెల్స్ నష్టం ఉంటేనే వినికిడి వైకల్యం కింద లెక్క. సన్నని ధ్వనులు మాత్రమే పోయినవారు ఆ లెక్కకు అందకపోవచ్చు, అందుకని దాని మీదే ఆశ పెట్టుకోకండి.

ఇక ఆ కాయ. వినిపించలేదని ఆయన కింద పెట్టిన కాయను మళ్లీ చేతికివ్వండి. కురిడీ విడిన కాయ ఊపితే అరచేతికి కూడా కొంత తెలుస్తుంది కదా, ముప్ఫై ఏళ్ల చెయ్యి అది. చెవికి అందనిది మీరు వినండి. ఎలా ఊపాలో, ఏ చప్పుడుకు ఏమని అర్థమో ఆ నోటు పుస్తకంలో ఆయన చేత రాయించుకోండి. పరీక్ష ఫలితం తెలిశాక నాకు మళ్లీ ఉత్తరం రాయండి. ఈసారి చివర ఆయన చేతిరాతలో నాలుగు వాక్యాలు ఉండాలి.