కుక్కకు వీల్‌చైర్: ఈఎంఐ కన్నా ముందు టేపు పట్టుకోండి

ప్రశ్న: మా డాక్స్‌హండ్‌కు ఏడేళ్లు, బరువు 9 కిలోలు. వెన్నులో డిస్క్ జారి వెనక కాళ్లు పడిపోయాయి. మూడు నెలలైనా లేవలేదు. వీల్‌చైర్ వాడమని డాక్టర్ చెప్పారు. విదేశీ బండి 28,000, ఇక్కడ చేసేది 9,000 అంటున్నారు. నా జీతం 42,000, లక్షన్నర ఎఫ్‌డీ ఉంది. విదేశీది కార్డు ఈఎంఐలో తీసుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వద్దండి. 28,000ను ఏడాదికి 15 శాతం వడ్డీతో 12 నెలల ఈఎంఐ పెడితే వడ్డీయే 2,300 దాటుతుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ, ఆపైన ప్రాసెసింగ్ ఫీజు. అప్పు తప్పకపోతే ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి. 8 శాతానికి దొరికితే నెలనెలా కట్టి ఏడాదిలో తీర్చేసరికి వడ్డీ 1,230 దాకా అవుతుంది, ఎఫ్‌డీ విరగ్గొట్టక్కర్లేదు.

అయితే ముందు కాళ్లు గట్టిగా ఉన్నాయని డాక్టర్ చెబితే 9,000 బండే చాలు, కొలతలకు చేసిస్తేనే సుమా. డాక్స్‌హండ్‌కు నడుం పొడుగు, కాళ్లు పొట్టి. బరువు చూసి ‘స్మాల్’ సైజు కొంటే ఫ్రేమ్ పొట్టిదై, డబ్బు దండగ. పొట్ట కింద తువ్వాలు వేసి మామూలుగా నిలబడే ఎత్తులో పట్టుకోండి. వెనక తొడ పొట్టను కలిసే మడత నుంచి నేల దాకా, తుంటి వెడల్పు, ముందు కాళ్ల వెనక నుంచి తోక మొదలు దాకా, ఇంకొకరి చేత రెండేసిసార్లు కొలిపించండి. చక్రాలు ఎత్తయితే బరువంతా భుజాల మీద పడుతుంది, తక్కువైతే నడుం కుంగుతుంది. డిస్క్ జబ్బు ఉన్న వెన్నుకు ఈ రెండోది మరీ చేటు. పొట్ట కింద పట్టీ ఉందా, ఎత్తు మార్చుకోవచ్చా, కుదరకపోతే సరిచేసిస్తారా అన్నవి డబ్బు కట్టకముందే అడగండి.

అసలు ఖర్చు బండిది కాదు, నెలనెలా వచ్చేది. రోజుకు రెండు డైపర్లు, ఒక్కోటి 30 అనుకున్నా 1,800. ఈడ్చుకుపోయే పాదాలకు సాక్సులు, పుండ్లకు మందు కలిపి 500. మూత్రం తనంతట పోయలేకపోతే రోజుకు మూడు నాలుగుసార్లు పొట్ట నొక్కి తీయాలి, డాక్టర్ దగ్గర చేత్తో నేర్చుకోండి. లోపల నిలిచిపోతే ఇన్ఫెక్షన్, మళ్లీ మళ్లీ పరీక్షలు, యాంటీబయాటిక్స్. దానికోసం నెలకు 1,000 ఆర్‌డీ కట్టండి. మొత్తం 3,300. మీ జీతంలో ఇది మోయగలిగిందే, పక్కన ఈఎంఐ లేకుంటే.

ఇప్పటికే ఉన్న జబ్బుకు పెట్ ఇన్సూరెన్స్ చెల్లించదు, ఆ ప్రీమియం కట్టకండి. దివ్యాంగులైన కుటుంబ సభ్యులకిచ్చే పన్ను మినహాయింపు కుక్కకు వర్తించదు.

మొదట్లో పది పదిహేను నిమిషాలే తిప్పండి. బండిలో అది పడుకోలేదు కాబట్టి కట్టి వదిలేసి ఆఫీసుకు వెళ్లకూడదు. విప్పాక గజ్జలు, చంకలు తడిమి చూడండి. ఎర్రబడితే పట్టీ సడలించి, మచ్చ తగ్గేదాకా ఆపండి. మళ్లీ వీధి చివరిదాకా వెళ్లి గోడలన్నీ వాసన చూసొచ్చే కుక్కకు 9,000 ఎక్కువేమీ కాదు. వయసు మీద పడి ముందు కాళ్లు బలహీనపడితే ఇదే ఫ్రేమ్‌కు ముందు చక్రాలు బిగించే వీలుందేమో ఇప్పుడే కనుక్కోండి. అప్పుడు కొత్త బండి కొనే పని తప్పుతుంది.