ఎస్‌వీఎక్స్ కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీవు కొనదలచిన 1992 మోడల్ సుబారు ఎస్‌వీఎక్స్ ఫోటోలు చూశాను. ఆ కారు మీద మనసు పడినవాణ్ణి వద్దంటే వినడని నాకు తెలుసు; అలాంటిదాన్నే నేను పద్దెనిమిదేళ్లుగా నడుపుతున్నాను. అయితే ఆ బండి ఎందుకు అమ్ముడుపోలేదో తెలుసుకోకుండా మాత్రం బయానా ఇవ్వవద్దు. దాని అమ్మకాలను దెబ్బతీసిన భాగాన్నే నీవు అన్నిటికంటే ముందు పరీక్షించాలి.

ఇటలీ కార్ల డిజైనర్ జుజారో గీసిన ఆ రూపం 1989 టోక్యో మోటార్ షోలో జనాన్ని ఆకట్టుకుంది, 1991లో అమ్మకానికి వచ్చింది. 3.3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిను 230 హార్స్‌పవర్ ఇచ్చేది. కానీ అంత బలాన్ని తట్టుకునే మాన్యువల్ గేర్‌బాక్స్ ఆనాడు సుబారు దగ్గర లేకపోవడం వల్ల, నాలుగు గేర్ల ఆటోమేటిక్ ఒక్కటే పెట్టి అమ్మారు. స్పోర్ట్స్ కారు కొనేవాడు గేరు తన చేతిలో ఉండాలనుకుంటాడు కదా. పైగా మంచు దారుల్లో నమ్మకంగా నడిచే బండ్లకు పేరుపడిన కంపెనీ 24 వేల డాలర్లకు పైగా అడిగేసరికి, అంత పెట్టగలవారిలో చాలామంది నిస్సాన్ 300జడ్‌ఎక్స్ వంటివాటి వైపు వెళ్లిపోయారు. 1996తో తయారీ ఆగిపోయింది. ప్రపంచమంతటికీ తయారైనవి పాతిక వేల లోపు. అమెరికాలో అమ్ముడైనవి 14 వేల చిల్లర. అంత మంచి ఇంజినుకు అంత తక్కువ ఆయుష్షు దక్కడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక గేర్‌బాక్స్ సంగతి. తొలి సంవత్సరాల బండ్లలో అది వేడికి తట్టుకోలేక పాడయ్యేది. గేర్‌బాక్స్ ఆయిల్ కొలిచే కడ్డీ (డిప్‌స్టిక్) తీసి తెల్ల గుడ్డ మీద తుడిచి చూడు. ఆయిల్ ఎర్రగా, తేటగా ఉంటే మంచిది, గోధుమరంగుకు తిరిగి మాడు వాసన వేస్తే మాత్రం ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు. రేడియేటర్ ముందు ఆ ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ విడిగా బిగించి ఉందో లేదో చూడు. లేకపోతే, కొన్న వారంలోనే పెట్టించు.

నాలుగు టైర్లూ ఒకే రకానివి, ఒకే మేరకు అరిగినవి అయి ఉండాలి. ఒకసారి నేను టైర్ల షాపువాడి మాట విని ముందువైపు రెండే కొత్తవి వేయించాను. పార్కింగ్ స్థలంలో మెల్లగా మలుపు తిప్పుతుంటే బండి ఎవరో వెనక్కి లాగుతున్నట్టు బిగుసుకుపోయేది. మిగతా రెండూ మార్చాకే ఆ బాధ తప్పింది, నాలుగు చక్రాలకూ బలం పంచే క్లచ్ పాడవకుండా దక్కింది. వేగం పెరిగేకొద్దీ వెనుకనుంచి హోరు పెరిగితే వెనుక చక్రాల బేరింగులు అరిగాయని లెక్క. అది భయపడవలసిన ఖర్చు కాదు.

తలుపు అద్దంలో కింది ముక్క ఒక్కటే దిగుతుంది, పై గాజు కదలదు. రెండు తలుపులవీ రెండేసి సార్లు దింపి, ఎత్తి చూడు. ఆ గాజు పగిలితే మామూలు దుకాణంలో దొరకదు, పాత బండి నుంచి వెతికి తెచ్చుకోవలసిందే.

ఇంజిను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయమని అమ్మేవారికి ముందే చెప్పు. శనివారం వెళ్లేటట్లయితే నేనూ వస్తాను. గుడ్డ, టార్చిలైటు నా దగ్గర ఉన్నాయి.

ఇట్లు,
మీ మామయ్య