సంతకం కంటే ముందు పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) చూడండి

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. మొదటి భర్త పోయిన చాలా ఏళ్లకు, పోస్టల్ డిపార్ట్‌మెంట్‌లో రిటైరైన ఒకాయనను అన్నవరంలో పెళ్లి చేసుకున్నాను. ఆయన భార్య కూడా అప్పటికే పోయారు. ఏడేళ్లు బాగానే ఉన్నాం. ఆయనకు మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆయన కొడుకులు తమ ఇంటికి తీసుకెళ్లారు. ఇప్పుడు మూడు లక్షలు ఇస్తాం, పరస్పర అంగీకారంతో విడాకులకు సంతకం పెట్టమంటున్నారు. ఆయన ఫోన్‌లో ‘వాళ్లు చెప్పినట్టు చెయ్యి’ అంటున్నారు. పెన్షన్‌లో సగం నాకొస్తుందని అమెరికాలో ఉన్న మా అక్క కూతురు అంటోంది. నిజమేనా? అడిగితే డబ్బు కోసమే చేసుకుందంటారని భయం.
– ఒక సోదరి, రాజమండ్రి

జవాబు: అమ్మా, ముందు ఆ కాగితం పక్కన పెట్టండి. మీ అక్క కూతురు చెప్పింది అక్కడి లెక్క. అక్కడైనా పంచేది ఎక్కువగా పెళ్లయ్యాక సంపాదించిన పెన్షన్‌నే. మీవారి సర్వీసంతా మీ పెళ్లికి ముందే అయిపోయింది. మన దగ్గరైతే విడాకులప్పుడు పెన్షన్ చెరిసగం చేయాలనే చట్టమే లేదు.

అలాగని మీకేమీ రాదనుకోకండి. ఆయన ఉన్నంతకాలం మనోవర్తి, ఆయన తర్వాత ఫ్యామిలీ పెన్షన్ మీ హక్కులు. విడాకులు తీసుకున్నా మనోవర్తి అడగొచ్చు. ఫ్యామిలీ పెన్షన్ మాత్రం విడాకుల డిక్రీతో పూర్తిగా పోతుంది. విడిగా ఉన్నంత మాత్రాన పోదు. రిటైరయ్యాక చేసుకున్న భార్యకూ అది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. కొడుకుల అనుమతి అక్కర్లేదు. ఏడో వేతన సంఘం లెక్కన ఫ్యామిలీ పెన్షన్ అంటే ఆయన ఆఖరి బేసిక్ జీతంలో 30 శాతం, దానిపై డీఏ (కరువు భత్యం). బేసిక్ 50 వేలనుకుంటే డీఏ కాక నెలకు 15 వేలు. వాళ్లిస్తామంటున్న మూడు లక్షలు అందులో ఇరవై నెలల డబ్బు!

ఈలోగా బతకడానికి, విడాకులతో పనిలేకుండానే మనోవర్తి అడగొచ్చు. దానికున్న పాత సీఆర్‌పీసీ 125 సెక్షన్ ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ అనే కొత్త చట్టంలో 144 అయింది. పెన్షన్ ఎవరూ ముట్టుకోలేరని మిమ్మల్ని బెదిరిస్తారు. 1871 నాటి పెన్షన్ల చట్టం కాపాడేది అప్పులవాళ్ల నుంచి. భార్య అప్పులవాళ్ల లెక్కలోకి రాదని, మనోవర్తి కోసం పెన్షన్‌లో కోత పెట్టొచ్చని హైకోర్టు తీర్పు ఉంది. 2020 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఇద్దరూ ఆదాయం, ఆస్తుల అఫిడవిట్ వేయాలి. ఆయన ఫిక్స్‌డ్ డిపాజిట్లు కూడా అందులో బయటికొస్తాయి.

విడాకులే మేలని మీకే అనిపిస్తే తప్పులేదు. అప్పుడు శాశ్వత భరణం అడిగేటప్పుడు పోగొట్టుకునే ఫ్యామిలీ పెన్షన్‌నూ లెక్కలో వేయించండి. డబ్బు డీడీ రూపంలో చేతికి రాకుండా ‘ఇకపై ఏమీ అడగను’ అన్న మాట రాయకండి. తొందరలో సంతకం పెట్టినా, కోర్టు విడాకులు మంజూరు చేసేలోపు అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు.

డబ్బు మనిషి అంటారన్న భయం నన్ను బాధపెట్టింది. ఆపరేషన్‌కు ముందు ఆసుపత్రి ఫారం మీద ‘భార్య’ అని సంతకం పెట్టింది మీరే అయ్యుంటారు. ఆ రోజు బాధ్యత మీదైనప్పుడు ఈ రోజు హక్కూ మీదే. సిగ్గుపడాల్సింది మీరు కాదు.

ఆయన మాట నిజంగా ఆయనదేనా అన్నది నాకు అనుమానమే. కొడుకులు పక్కన లేకుండా ఒకసారి ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. దానికీ, లాయరుకీ జిల్లా న్యాయసేవాధికార సంస్థ సాయం తీసుకోండి. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లందరికీ అక్కడ ఉచితమే. ఫోన్ నంబరు 15100. వెళ్లేటప్పుడు అన్నవరం రసీదు, పెళ్లి ఫొటోలు, ఆధార్, ఆసుపత్రి ఫారం కాపీ, ఇంట్లో ఉంటే ఆయన పీపీఓ జిరాక్స్ పట్టుకెళ్లండి. పెళ్లయ్యాక పీపీఓలో మీ పేరు ఎక్కించారో లేదో ముందు అదే లాయరును చూడమనండి. ఎక్కకపోయి ఉంటే, డిపార్ట్‌మెంట్‌కు రాయాల్సిన మొదటి అర్జీ అదే.