బరువు ఎక్కడ కూర్చోవాలి? చిన్న ట్రైలరు కట్టుకునేవారికి జవాబులు

ప్రశ్న: మేము ఆరిజోనాలోని ఫీనిక్స్‌లో ఉంటున్నాం. మాకు నాలుగు తలుపుల జీప్ రాంగ్లర్ ఉంది. యూటాలోని వ్యాలీ ఆఫ్ ది గాడ్స్ వంటి చోట్ల మట్టి దారుల్లో తిరిగి, రెండు మూడు రాత్రులు గడపడానికి వీలుగా 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు గల పెట్టెతో ఒక ట్రైలరును నేనే వెల్డింగ్ చేసుకోవాలనుకుంటున్నాను. వంటగట్టు, ఫ్రిజ్, బ్యాటరీ, నీళ్ల ట్యాంకు అన్నీ వెనక తలుపు దగ్గరే ఉండేలా నమూనా గీశాను. జీపు 3,500 పౌన్లు (సుమారు 1,590 కిలోలు) లాగగలదు కాబట్టి బరువు సంగతి పట్టించుకోనక్కర్లేదని మిత్రులు అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకుడు, ఫీనిక్స్

జవాబు: మీ మిత్రులు చెప్పిన అంకె తప్పు కాదు. అయితే అది జీపు లాగగలిగే గరిష్ఠ బరువే తప్ప, గుంతల దారిలో మీరు వెంట తీసుకెళ్లదగిన బరువు కాదు. నీళ్లు, సామాను అన్నీ నింపుకున్నాక 700 కిలోలు దాటకూడదని ముందే నిర్ణయించుకుని, ఆ హద్దులో ఏది ఇముడుతుందో చూసుకుంటూ కట్టుకోమని నా సలహా.

అంతకంటే ముఖ్యం, ఆ బరువు ఎక్కడ కూర్చుంటుందన్నది. ఎద్దుబండిలో బస్తాలన్నీ వెనక్కి వేస్తే కాడి పైకి లేస్తుందని పల్లెలో పెరిగినవారికి వేరే చెప్పనక్కర్లేదు. ట్రైలరుకూ అదే లెక్క. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం, అంటే 700 కిలోలకు 70 నుంచి 105 కిలోలు, ముందున్న నొగ (జీపుకు తగిలించే గొట్టం) ద్వారా జీపు మీద పడాలి. అది బాగా తగ్గితే హైవే మీద వేగం పెరిగేసరికి ట్రైలరు అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టి, జీపు వెనక భాగాన్ని కూడా తనతో పాటు ఊపేస్తుంది. మీ నమూనాలో బరువైనవి నాలుగూ ఇరుసుకు వెనకే ఉన్నాయి. దయచేసి దాన్ని మార్చండి.

పెట్టె పొడవులో సుమారు 60 శాతం ఇరుసుకు ముందు, 40 శాతం వెనక ఉండేలా చూసుకోండి. బ్యాటరీని నొగ మీద ఒక పెట్టెలో బిగించండి. నీళ్లది ప్రత్యేకమైన చిక్కు: 60 లీటర్లంటే 60 కిలోలు, అదీ రోజురోజుకూ తరిగిపోయే బరువు. ట్యాంకును మరీ ముందు పెడితే నీళ్లు అయిపోయిన నాడు నొగ తేలికైపోతుంది. అందుకే ఇరుసుకు కాస్త ముందుగా, నేల అడుగున అమర్చడం మేలు. వంటగట్టు, ఫ్రిజ్ వెనకే ఉండవచ్చు.

నొగ బరువు చూడడానికి ఇంట్లో మనుషులు తూచుకునే యంత్రం చాలు. ఒక గట్టి చెక్కపలకను ఒక కొసన ఇటుక మీద, రెండో కొసన తూకం యంత్రం మీద ఆనించండి. మధ్య దూరాన్ని మూడు సమభాగాలు చేసి, ఇటుక వైపు నుంచి మొదటి భాగం ముగిసేచోట నొగ కొసను దింపండి. పలక ఒక్కటే ఉన్నప్పుడు యంత్రం చూపిన అంకెను తీసేసి, మిగిలినదాన్ని మూడుతో గుణిస్తే నొగ బరువు వస్తుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, ఖాళీగా ఉన్నప్పుడు మరోసారి తూచండి.

వెల్డింగ్ మీరే చేస్తానన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. నొగ పెట్టెను కలిసే చోటే వంపు ఒత్తిడి అన్నిటికంటే ఎక్కువ. అక్కడ నొగ గొట్టం పైభాగానికి గానీ అడుగు భాగానికి గానీ అడ్డంగా వెల్డింగ్ వేయకండి, పగులు మొదలయ్యేది ఆ గీత అంచునే. పక్క గోడల మీద, గొట్టం పొడవు వెంబడి వేయండి. నొగ గొట్టాలను పెట్టె కింద ఇరుసు దాకా సాగనిస్తే ఇంకా మంచిది.

కుదుపులు తగ్గించడానికి, తొలిసారి కట్టేవారికి కమాను పట్టీలే (లీఫ్ స్ప్రింగులు) నయం. విరిగితే చిన్న ఊళ్లో కూడా దొరుకుతాయి. 3,500 పౌన్ల ఇరుసు కొన్నా ఫరవాలేదు గానీ, కమాన్లను మాత్రం మీ అసలు బరువుకు తగ్గట్టు తీసుకోండి. మరీ బిరుసు కమాన్లు వేస్తే తేలికపాటి ట్రైలరు అలల్లాంటి మట్టి దారిలో బంతిలా ఎగురుతుంది. నా మొదటి ట్రైలరుకు నేను చేసిన తప్పు ఇదే. ఇరవై మైళ్లు వెళ్లి వెనక తలుపు తీస్తే కందిపప్పు డబ్బా మూత దానంతటదే మర తిరిగి ఊడిపోయి, పప్పంతా స్టవ్ బర్నర్లలో చేరింది. మూతలకే ఆ గతి పడితే బోల్టుల మాట చెప్పాలా? ప్రతిచోటా నైలాన్ పట్టు ఉన్న నట్లే వాడండి.

చక్రాలు జీపుకున్న రకానివే వేయండి. 2007 నుంచి వస్తున్న రాంగ్లర్లకు 5 అంగుళాల వలయం మీద 5 బోల్టులుంటాయి. ట్రైలరు హబ్బులనూ (చక్రాలు బిగించే భాగాలు) అదే కొలతకు కొంటే ఒకే స్టెప్నీ రెండింటికీ పనికొస్తుంది. 700 కిలోలకు చట్టం అడగకపోయినా ఎలక్ట్రిక్ బ్రేకులు పెట్టించండి. సుమారు 2,100 మీటర్ల ఎత్తున్న ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి మీ ఊరికి దిగే దారిలో వాటి విలువ తెలుస్తుంది. ఇక, 4 అడుగుల వెడల్పులో ఇద్దరు పడుకోవడం గురించి మీ ఇంట్లో ఒకసారి అడగండి. నేనైతే 5 అడుగులు చేస్తాను.

ప్రశ్న: మా చిన్న ట్రైలరులో 100 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీ, 200 వాట్ల సోలార్ పలక ఉన్నాయి. ఇవి ఫ్రిజ్‌కు సరిపోతాయా? చలి రాత్రుల్లో లోపలే గ్యాస్ స్టవ్ వెలిగించుకుంటే వెచ్చగా ఉంటుందా?
- ఒక పాఠకురాలు, డెన్వర్

జవాబు: రెండో ప్రశ్నకు ముందుగా జవాబు: ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మూసిన పెట్టెలో మండే స్టవ్ వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. నిద్రలో ఉన్నవారికి అది తెలియనే తెలియదు. దాన్ని పసిగట్టే అలారం ఒకటి పడక దగ్గర తప్పక ఉండాలి. ప్రొపేన్ గాలి కంటే బరువు కాబట్టి లీకైతే నేల మీదే నిలుస్తుంది. సిలిండరును బయట నొగ మీదే ఉంచండి. వంట కూడా వెనక తలుపు ఎత్తి బయటే చేసుకోండి. ఇంగువ పోపు వాసన ఒకసారి పరుపుకు పట్టిందంటే వదలదు.

ఫ్రిజ్ సంగతికి వస్తే, 40 లీటర్ల 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ వేసవిలో రోజుకు 30 నుంచి 40 ఆంపియర్-అవర్లు తీసుకోవచ్చు. లైట్లకు, ఫ్యానుకు మరో పది వేసుకుంటే ఎండ లేకపోయినా మీ బ్యాటరీ దాదాపు రెండు రోజులు లాగుతుంది. మంచి ఎండ ఉన్న రోజు మీ పలక ఆ ఖర్చును పూడ్చేస్తుంది. ఇబ్బంది మీ ఊరి చలితోనే. ఇలాంటి బ్యాటరీలను 0 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ చలిలో చార్జ్ చేస్తే లోపలి సెల్‌లు శాశ్వతంగా దెబ్బతింటాయి. మీ బ్యాటరీలో చలికి చార్జింగ్ ఆపేసే ఏర్పాటు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఉదయం బ్యాటరీ వెచ్చబడేదాకా సోలార్ తీగను విప్పి ఉంచండి.