క్వాంటమ్ కంప్యూటింగ్ నేర్చుకోవాలంటే ఫౌండేషన్స్ కూడా చదవాలా? చదవాలి, ముందు అవే చదవాలి

"మా అమ్మాయి బీటెక్ రెండో ఏడాది. అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ అని క్వాంటమ్ టెక్నాలజీ కేంద్రం వస్తోందంటున్నారు. ఈ ఫౌండేషన్స్, ఫిలాసఫీ గొడవంతా వదిలేసి నేరుగా ప్రోగ్రాములు రాయడం నేర్పిస్తే సరిపోదా?" అని ఒక తండ్రిగారు అడిగారు.

సరిపోదండీ. ఫౌండేషన్స్ అంటే కొలత అంటే ఏమిటి, కొలవకముందు కణం ఎలా ఉంటుంది లాంటి క్వాంటమ్ సిద్ధాంతపు మూలప్రశ్నలు. విశాఖలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతూ చాలా ఏళ్లు గడిపినదాన్ని, కాస్త గట్టిగానే చెబుతాను. ఇవాళ అందరూ ఎగబడుతున్న క్వాంటమ్ టెక్నాలజీ పుట్టిందే "ఇలాంటివి అడిగితే ఉద్యోగం రాదు" అని పెద్దలు కొట్టిపారేసిన ప్రశ్నల్లోంచి. ఆ ప్రశ్నలు తీసేసి మిగతాది నేర్పితే పిల్లకు బటన్లు నొక్కడం వస్తుంది, అంతే.

మా మేడ మీద జరిగిన సంగతి ఒకటి చెబుతాను. సాయంత్రం ట్యూషన్‌కి వచ్చే పిల్లలకు పోలరైజేషన్, అంటే కాంతి తరంగం ఏ దిక్కులో ఊగుతోందన్నది, చూపించాలి. కాలేజీ ల్యాబులో పోలరాయిడ్లు (ఒక్క దిక్కు ఊపునే దాటనిచ్చే ఫిల్ములు) ఉన్నాయి, కానీ బీరువాకి తాళం. తాళం తీసినా లాభం లేదు, ఈ సముద్రపు గాలికి లెన్సులన్నీ ఫంగస్ పట్టిపోయాయి. తీరం పక్కనున్న ఊళ్లో ఆప్టిక్స్ ల్యాబుకి గాలిలో తేమ తగ్గించే యంత్రం ఒకటి కావాలని ఎన్నిసార్లు రాసి ఇచ్చినా ఎవరూ పట్టించుకోలేదు. చివరికి సెల్ రిపేరు కొట్టులో పాడైన ఎల్‌సీడీ స్క్రీన్లు అడిగి తెచ్చి, వాటి మీది పోలరాయిడ్ ఫిల్ము ఒలిచాం.

రెండు ఫిల్ములు ఒకదానికొకటి అడ్డంగా, 90 డిగ్రీలకు తిప్పి పెడితే టార్చి వెలుగు ఆగిపోయింది. ఆ రెంటి మధ్యలో మూడోది 45 డిగ్రీలకు తిప్పి దూర్చగానే వెలుగు మళ్లీ వచ్చింది. గాజువాక నుంచి వచ్చే కుర్రాడు "ఇదేటి మేడమ్, ఇంకోటి అడ్డం పెడితే వెలుగు పెరిగిందేటి?" అన్నాడు. పక్కనున్న అమ్మాయి వెంటనే "కాంతిని తరంగం అనుకుంటే లెక్క సరిపోతుంది కదా, ఇందులో వింతేముంది?" అంది. నిజమే, ఆ ప్రయోగానికి తరంగం చాలు. చాలామంది దాన్నే క్వాంటమ్ మాయ అని చూపించి ఆపేస్తారు, అది నాకు నచ్చదు. అసలు సంగతి జంట ఫోటాన్ల దగ్గర, అంటే కలిసి పుట్టిన రెండు కాంతి కణాల దగ్గర మొదలవుతుంది.

అందుకని పిల్లల్నే ఫోటాన్లుగా పెట్టి ఒక ఆట ఆడించాను. ఇద్దరిద్దరు జట్టు. ముందుగా ఏ ఒప్పందమైనా చేసుకోవచ్చు. తర్వాత ఒకరు మేడకి ఈ చివర, ఒకరు ఆ చివర. నేను చీటీ తీసి ఒక్కొక్కరిని 0, 22.5, 45 డిగ్రీల్లో ఏదో ఒక కోణంలో ఫిల్ము ఎదురైతే ఏం చేస్తారని అడుగుతాను. "దాటాను" లేదా "ఆగాను" అనాలి. ఇద్దరినీ ఒకే కోణం అడిగితే జవాబులు ఎప్పుడూ కలవాలి. 0కీ 22.5కీ మధ్య నూటికి 15 సార్లే తేడా రావాలి. 22.5కీ 45కీ మధ్య కూడా అంతే. కానీ 0కీ 45కీ మధ్య నూటికి 50 సార్లు తేడా రావాలి.

పిట్టగోడ మీద సుద్దతో లెక్క రాస్తూ పోయాం. పట్టికలు రాసుకున్నారు, గుసగుసలాడుకున్నారు, పోట్లాడుకున్నారు. ఆ చివరి తేడా ఎవరికీ నూటికి 30 దాటలేదు. కుర్రాడు ఫోన్లో మెసేజ్ పెట్టబోతే ఫోన్లన్నీ లాక్కున్నాను. చివరికి ఇందాకటి అమ్మాయే నోట్సులో రాసి చూపించింది: 0 జవాబూ 45 జవాబూ వేరైతే, మధ్యలో ఉన్న 22.5 జవాబు ఆ రెంటిలో ఏదో ఒకదానితో తేడా పడక తప్పదు. కాబట్టి ఆ చివరి తేడా, మిగతా రెండు తేడాల మొత్తాన్ని, అంటే 15, 15 కలిపి 30ని దాటదు.

భౌతిక శాస్త్రవేత్త జాన్ బెల్ 1964లో బయటపెట్టిన విషయం సారాంశం ఇదే. ప్రకృతిలో అయితే చిక్కుపడ్డ (ఎంటాంగిల్డ్, అంటే రెంటి జవాబులూ విడదీయలేనట్టు ముడిపడ్డ) ఫోటాన్ల జంట ఆ 50 తెచ్చి చూపిస్తుంది. అంటే ఫోటాన్లు జవాబుల పట్టిక ముందే జేబులో పెట్టుకుని బయల్దేరి, ఒకదాని సంగతి ఒకదానికి అందకుండా ఉన్నాయనే మాట నిలబడదు. క్వాంటమ్ సిద్ధాంతం అసంపూర్ణమని 1935లో ఐన్‌స్టీన్, పొడోల్‌స్కీ, రోజెన్ లేవదీసిన వాదానికి ల్యాబులో కొలవగల రూపం అలా వచ్చింది. బెల్ ఉద్యోగం జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనా కేంద్రంలో, పని కణాల్ని వేగంగా పరిగెత్తించే యాక్సిలరేటర్ల మీదా కణాల మీదా. ఇది ఆయన ఖాళీ సమయంలో చేసిన పని. 1972లో క్లౌజర్, ఫ్రీడ్‌మన్ అనే అమెరికా శాస్త్రవేత్తలు దీన్ని మొదటిసారి కొలిచారు. ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఆస్పె తన ప్రయోగం ఆలోచనతో బెల్ దగ్గరకు వెళ్తే ఆయన మొదట అడిగింది "నీకు పర్మనెంట్ ఉద్యోగం ఉందా?" అని! ఆ రోజుల్లో ఈ ప్రశ్నల వెంటపడటం అంత ప్రమాదం. 2022లో ఆస్పె, క్లౌజర్, సైలింగర్‌లకు నోబెల్ వచ్చేసరికి బెల్ పోయి మూడు దశాబ్దాలు దాటింది.

ఇక మా కుర్రాడు ఫోన్ తీశాడు చూడండి, ఒకదాని కబురు ఒకదానికి అందుతోందేమోనన్న ఆ అనుమానం శాస్త్రవేత్తలకూ ఉండేది. 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో దాదాపు 1.3 కిలోమీటర్ల దూరంలో రెండు వజ్రాల్లోని ఎలక్ట్రాన్లను చిక్కుపెట్టి కొలిచారు. కాంతికి ఆ దూరం దాటడానికి 4 మైక్రోసెకన్లకు పైగా పడుతుంది. కొలత అంతకంటే ముందే ముగిసిపోయింది. కబురు అందే వీలే లేదు. అయినా బెల్ గీసిన హద్దు దాటింది.

ఇదంతా ఫిలాసఫీ అయితే, ఎకర్ట్ అనే శాస్త్రవేత్త 1991లో రహస్య సంకేతాల భద్రతకు బెల్ పరీక్షనే కాపలా ఎలా పెట్టగలిగాడు? మధ్యలో ఎవరైనా దొంగచాటుగా వింటే ఆ తేడాల లెక్క పడిపోతుంది, పట్టుబడిపోతారు. భౌతిక శాస్త్రవేత్త డాయిచ్ 1985లో క్వాంటమ్ కంప్యూటర్‌కి సిద్ధాంతరూపం ఇచ్చిందీ కొలత అంటే ఏమిటన్న తగువులో తలదూర్చిన మనిషిగానే. ఇప్పటి పరిశోధనా అటే పోతోంది. 2017లో సౌగత బోస్ బృందమూ, మార్లెట్టో, వెద్రల్ జంటా విడివిడిగా ఒకే రకం ప్రయోగం ప్రతిపాదించారు. గురుత్వాకర్షణ ఒక్కటే మధ్యవర్తిగా రెండు చిన్న ద్రవ్యరాశులు చిక్కుపడితే, గురుత్వానికీ క్వాంటమ్ స్వభావం ఉన్నట్టే. ఇది ఇంకా ఎవరూ చేసి చూపించలేదు. నాకు వయసుంటే నేను వెళ్లేది అక్కడికే.

ఈ లోపు మన ఊళ్లో ఏం జరుగుతోంది? రెండు ఆదివారాల్లో క్వాంటమ్ నిపుణుల్ని చేస్తామని వేలకు వేలు గుంజే సర్టిఫికెట్ కోర్సులు. క్వాంటమ్ శక్తి ఉందంటూ అమ్మే బ్రేస్‌లెట్లు. వాల్తేరులో ఇలాంటివి చూస్తే బాధ కలుగుతుంది నాకు. రామన్‌తో కలిసి ఫోటాన్ స్పిన్‌కి (కణానికి స్వతహాగా ఉండే తిరుగుడు లాంటి గుణానికి) ప్రయోగపూర్వకమైన రుజువు చూపించిన సూరి భగవంతం గారు పాఠాలు చెప్పింది ఇక్కడి ఆంధ్రా యూనివర్సిటీలోనే. రంగధామరావు గారు స్పెక్ట్రోస్కోపీని (కాంతిని రంగులుగా విడదీసి పదార్థాల్ని చదివే శాస్త్రాన్ని) నిలబెట్టిందీ ఇక్కడే. ఆ పేర్లు మా ఫైనలియర్ పిల్లల్లో సగం మందికి తెలియవు.

మీ అమ్మాయి ముందు సంకీర్ణ సంఖ్యలు, మాత్రికలు గట్టిచేసుకోవాలి. ప్లాంక్ 1900 నుంచి చరిత్రంతా వరసగా చదవనక్కర్లేదు, అది తర్వాత చదువుకోవచ్చు. రెండే జవాబులుండే వ్యవస్థ ఒకటి తీసుకుని, పోలరైజేషన్ గానీ స్పిన్ గానీ, కొలతకు ముందు ఏమిటి, తర్వాత ఏమిటి అన్నది చేత్తో లెక్క కట్టాలి. తర్వాత బెల్. ప్రోగ్రాములు ఆ తర్వాతే. ఎక్కడైనా కోర్సులో చేర్పించే ముందు సిలబస్ అడిగి చూడండి. అందులో కొలత గురించీ బెల్ గురించీ ఒక్క పాఠమూ లేకపోతే ఫీజు కట్టకండి.