డ్యాష్‌బోర్డు విప్పే ముందు: హీటర్ కోర్ మార్పిడి గురించి మేనల్లుడికి లేఖ

జయపురం,
కొరాపుట్ జిల్లా.

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

హీటర్ వేస్తే ముందు అద్దం లోపలివైపు జిడ్డుగా మసకబారుతోందనీ, క్లీనర్ కూర్చునే వైపు మ్యాటు కింద తడి చేరుతోందనీ, బయట ఎక్కడా చుక్క కనబడకుండానే డబ్బాలో కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) తగ్గిపోతోందనీ నువ్వు ఫోనులో చెప్పావు. ఆ మూడూ కలిస్తే అనుమానం డ్యాష్‌బోర్డు వెనక ఉండి క్యాబిన్‌కు వేడినిచ్చే హీటర్ కోర్ మీదికే పోతుంది. అయినా డ్యాష్‌బోర్డు మీద పానా పెట్టే ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు. ఈ పనిలో సామాను ఖరీదు తక్కువ, చాకిరీ ఎక్కువ. పలక అంత వస్తువును మార్చడానికి బండి ముందు భాగమంతా లోపలి నుంచి విప్పదీయాలి. కాబట్టి విప్పక ముందు లోపం అక్కడే ఉందని తేల్చుకోవడం, మళ్ళీ మూయక ముందు కొత్త కోర్ కారడం లేదని తేల్చుకోవడం, ఈ రెండింటి దగ్గర మాత్రం తొందర పడవద్దు. తక్కిన పనంతా స్క్రూలు విప్పి బిగించడమే.

విజయనగరంలో బండి తోలేవాడికి హీటర్ లేకపోయినా రోజు గడుస్తుంది. నీ సంగతి వేరు. సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కి పొట్టంగి మీదుగా సెమిలిగుడ చేరేసరికి సముద్ర మట్టానికి సుమారు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంటావు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఆ దారిలో వేడి పది డిగ్రీలకు దిగువకు పడిపోతుంది, పొగమంచు రోడ్డు మీదికే దిగుతుంది. కూరగాయల లోడుతో దిగుతున్నప్పుడు అద్దం మీది ఆవిరిని తుడిచేది ఆ హీటర్ గాలే గనుక నీకది విలాసం కాదు.

హీటర్ కోర్ అంటే మరో చిన్న రేడియేటర్. ఇంజనులో వేడెక్కిన కూలెంట్ ఒక హోస్ గుండా క్యాబిన్ లోపలికి వచ్చి, సన్నని గొట్టాల్లో తిరిగి, రెండో హోస్ గుండా వాటర్ పంపు వైపు వెళ్ళిపోతుంది. బ్లోవర్ గాలి ఆ గొట్టాల మధ్య రెక్కల గుండా దూరి వేడెక్కి నీ కాళ్ళ మీదికీ అద్దం మీదికీ వస్తుంది. ఆ గొట్టాలు పెద్ద రేడియేటర్ గొట్టాలకన్నా సన్నం కాబట్టి మడ్డి మొదట చేరేది అక్కడే. రేడియేటర్ కారితే పసుపు పోసే అలవాటు మన రోడ్ల మీద ఎంత గట్టిదో నీకు తెలుసు. ఆ పసుపు చిల్లు దగ్గర ఆగినా ఆగకపోయినా హీటర్ కోర్‌లో మాత్రం తప్పకుండా ఆగుతుంది. బజారులో సీసాల్లో అమ్మే లీకు మందు సంగతీ అంతే. బోరు నీళ్ళు పోస్తూ పోతే సున్నం పేరుకుంటుంది, రెండు జాతుల కూలెంట్ కలిపితే కొన్నిసార్లు జావలా గడ్డకడుతుంది.

ఇప్పుడు పరీక్షల సంగతి. మ్యాటు కింది తడిని తెల్లని గుడ్డతో అద్ది చూడు. ఏసీ నీళ్ళయినా, అద్దం అడుగు నుంచి దిగిన వాన నీళ్ళయినా రంగు ఉండదు, వేళ్ళకు జారదు. కూలెంట్ అయితే గుడ్డకు పచ్చగానో ఎర్రగానో రంగు అంటుతుంది, వేళ్ళ మధ్య జిగురుగా జారుతుంది, తియ్యటి వాసన వేస్తుంది. వాసన చూడు గాని నాలుకకు తగిలించకు. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం.

తరువాత రేడియేటర్ మూత దగ్గర బిగించే ప్రెషర్ పంపు ఒకటి సంపాదించు. అది లేకుండా ఈ పనికి దిగవద్దు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు మూత తీసి, మూత మీద 0.9 అనో 1.1 అనో అచ్చువేసిన అంకె చూసి, అంతవరకే గాలి కొట్టి పావుగంట ఆగు. ముల్లు దిగుతూ ఉండి బానెట్ కింద ఎక్కడా తడి లేకపోతే, క్యాబిన్‌లో తల వంచి హీటర్ పెట్టె అడుగున చెయ్యి పెట్టి చూడు, చుక్క అక్కడ తగలాలి. అక్కడా తగలక, సైలెన్సర్ నుంచి తెల్లని పొగ వస్తూ, రేడియేటర్ మూతి దగ్గర బుడగలు లేస్తుంటే అది హెడ్ గాస్కెట్ (ఇంజను హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) జబ్బు. దానికి డ్యాష్‌బోర్డు విప్పి ప్రయోజనం లేదు. ఆ మూతను కూడా ఓసారి పరీక్షించు. సెమిలిగుడ ఎత్తులో మామూలు నీళ్ళు సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి, కాబట్టి మూత ఒత్తిడి నిలపలేకపోతే, కింద మైదానంలో తిరిగే బండి కంటే మన ఎత్తున తిరిగే బండి ముందే ఉడుకుతుంది.

కారడం లేదు గాని వేడి రావడం లేదంటే దారి వేరు. ఇంజను బాగా వేడెక్కాక, నాబ్ పూర్తిగా ఎర్ర గుర్తు వైపు తిప్పి, ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య గోడలోంచి లోపలికి వెళ్ళే రెండు హోసులనూ చేత్తో తాకు. రెండూ కాలుతుంటే కోర్‌లో కూలెంట్ బాగానే తిరుగుతున్నట్టు. లోపం గాలి దారి మళ్ళించే రేకుదో దాని కేబుల్‌దో అవుతుంది. ఒకటి కాలుతూ రెండోది గోరువెచ్చగా ఉంటే కోర్ పూడుకుపోయింది. రెండూ చల్లగా ఉంటే కూలెంట్ తక్కువైనా ఉండాలి, గాలి పట్టినా ఉండాలి, హీటర్ వాల్వ్ తెరుచుకోకపోయినా ఉండాలి. మీటరులో వేడి ముల్లు అసలు పైకే రాకపోతే థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా రేడియేటర్ దారి మూసి ఉంచే వాల్వ్) తెరిచి ఉండిపోయింది. పూడిన కోర్‌ను వెంటనే మార్చనక్కర లేదు. రెండు హోసులూ తీసి, బయటకు వచ్చే గొట్టంలోంచి వెనక్కి మంచి నీళ్ళు పంపు, తోటకు నీళ్ళు పెట్టే పైపుకుండే ఒత్తిడి చాలు. కంప్రెసర్ గాలి పూర్తి బలంతో పెట్టావంటే అంతవరకు కారనిది కూడా కారుతుంది.

కారుతున్నది కోరేనని తేలి, కొత్తది చేతికి రావడానికి ఆలస్యమైతే, రెండు హోసుల కొసలనూ సరైన లావున్న వంపు గొట్టంతో కలిపి క్లాంపులు బిగించి బండి నడపవచ్చు. కూలెంట్ తిరగడం ఆగదు, కారడం ఆగుతుంది. కానీ అద్దం మీదికి వేడి గాలి రాదు, అందుచేత ఆ రోజుల్లో తెల్లవారుజామున ఘాటీ దిగవద్దు, ఎండ వచ్చాక బయలుదేరు.

పనికి కూర్చున్న రోజు ఇంజను పూర్తిగా చల్లబడిన తరువాతే మూత విప్పు. బ్యాటరీ నెగటివ్ తీగ తీసేసి, బండికి ఎయిర్ బ్యాగ్ ఉంటే పది నిమిషాలు ఆగి మరీ లోపల చెయ్యి పెట్టు. పసుపు రంగు తీగల జోలికి టెస్ట్ లైటుతో వెళ్ళకూడదు. స్టీరింగ్ దించవలసి వస్తే చక్రాలు సూటిగా ఉంచి తాళం వేసి దించు, లేకపోతే లోపలి చుట్ట తీగ తెగుతుంది. కింద వెడల్పాటి పళ్ళెం పెట్టి కూలెంట్ వదులు, నేల మీదికి వదలవద్దు. ఆ తీపికి ఊరకుక్కలు మూతి పెడతాయి, కొద్దిగా తాగినా చస్తాయి. మూత గట్టిగా పడే డబ్బాలో పోసి, పేరు రాసి, పిల్లలకు అందకుండా పెట్టు.

ఏసీ ఉన్న బండిలో ఒక సంగతి ముందే తెలుసుకో. కొన్నింటిలో హీటర్ కోర్ పక్క నుంచి విడిగా జారి వచ్చేస్తుంది. మరికొన్నింటిలో కూలింగ్ కాయిల్‌తో సహా పెట్టె మొత్తం దిగాలి. రెండో రకమైతే గ్యాసు తీసే యంత్రం ఉన్న ఏసీ మెకానిక్ చేత ముందు గ్యాసు లాగించు. నువ్వే నట్టు వదులు చేసి గాలిలోకి వదిలితే ఆ చలి కంటికి తగిలి చూపే పోవచ్చు.

హోసులు లాగడంలోనే చాలా పనులు చెడతాయి. ఏళ్ళ తరబడి అతుక్కున్న రబ్బరును పానాతో మెలిపెట్టి గుంజితే కోర్ గొట్టం మెడ దగ్గర పగులుతుంది. పాత కోర్ పోతే పోనీ, కానీ ఆ బలవంతపు అలవాటు చేతికి పడితే కొత్తదాని మీదా అదే చేస్తావు. క్లాంపు వెనక్కి జరిపి, బ్లేడుతో హోసును పొడవునా చీల్చి విప్పదీయి. ఎలాగూ ఆ రెండు హోసులూ, క్లాంపులూ కొత్తవి వెయ్యాలి. ఇంత విప్పాక పాత రబ్బరు మిగిల్చుకోవడం పిసినారితనం. కోర్ బయటకు లాగే ముందు ఒక గొట్టంలో నెమ్మదిగా గాలి ఊది లోపల మిగిలిన కూలెంట్ బయటకు పంపి, రెండు మూతులకూ గుడ్డ కుక్కు. అది మరిచిపోతే సీటూ కార్పెట్టూ తడిసి, ఆ తియ్యటి వాసన నెలల తరబడి పోదు.

డ్యాష్‌బోర్డు విప్పేటప్పుడు ప్రతి అంచెకూ ఫోనులో ఫోటో తీసుకో. స్క్రూలన్నీ ఒకే గిన్నెలో వెయ్యకుండా, ఏ భాగానివి ఆ భాగం పేరుతో కాగితం పొట్లాల్లో కట్టు. పొట్టి స్క్రూ ఉండవలసిన చోట పొడుగుది బిగిస్తే దాని మొన తీగల కట్టలో దిగుతుంది, ఆ లోపం వెతకడం హీటర్ కోర్ మార్చడంకన్నా కష్టం. రేకుల కేబుళ్ళు ఏ పంటిలో ఉన్నాయో పెయింటుతో గీత పెట్టాక తియ్యి. పెట్టె తెరిచాక ఎలుకలు చేర్చిన పొట్టూ, ఆకులూ తీసి, ఏసీ నీళ్ళు పోయే సన్న గొట్టం శుభ్రం చేసి, అంటిన కూలెంట్ అంతా తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టు.

పాత కోర్ రాగి, ఇత్తడిదైతే రేడియేటర్ షాపులో టంకం పెట్టి నడిపించవచ్చు. అల్యూమినియందైతే ఆ ఆశ వదులుకో. కొత్తది కొన్నప్పుడు రెండింటినీ పక్కపక్కన నేల మీద పెట్టి గొట్టాల వంపు, పొడవు, మందం కొలిచి చూడు. పొడవులో కాస్త తేడా ఉన్నా పెట్టెలో కూర్చోదు, బలవంతంగా కూర్చోబెడితే రెక్కలు నలుగుతాయి. మూతులు మూసి కొంచెం గాలి ఎక్కించి బకెట్ నీళ్ళలో ముంచి చూడు, బుడగ వస్తే అక్కడే షాపువాడికి తిరిగి ఇవ్వు. పాతదాని చుట్టూ ఉన్న స్పాంజి పట్టీ పొడిగా రాలిపోయి ఉంటుంది. కొత్త పట్టీ అంటించకపోతే గాలి కోర్ గుండా కాక పక్క సందుల్లోంచి పోయి, ఇంత పనీ చేశాక కూడా వేడి అంతంత మాత్రంగానే వస్తుంది. ఈ పట్టీని చాలామంది షెడ్డువాళ్ళు లెక్క చెయ్యరు. గొట్టాల అతుకుల దగ్గర ఉండే గుండ్రటి రబ్బరు చుట్టలు (ఓ-రింగులు) కొత్తవి వేసి, కూలెంట్‌తోనే తడిపి బిగించు, గ్రీజు పుయ్యవద్దు.

కోర్ పెట్టెలో కూర్చుని, హోసులు బిగిసి, డ్యాష్‌బోర్డు ఇంకా బయటే ఉండగా కూలెంట్ పోసి మళ్ళీ ప్రెషర్ పంపు పెట్టు. ముల్లు పావుగంట కదలకూడదు. తీసిన తీగలన్నీ తిరిగి కలిపి బ్యాటరీ తగిలించి, ఇంజను నడిపి, వేడెక్కించి, ఆపి, చల్లారాక ఇంకోసారి పెట్టు. చీకటి పడుతోందనీ, తెల్లారితే లోడు ఉందనీ ఈ ఒక్క మెట్టు దాటేస్తే, మొత్తం మళ్ళీ విప్పే పని నీ నెత్తినే పడుతుంది.

కూలెంట్ నీ బండి పుస్తకంలో చెప్పిన రకమే కొను. గాఢమైనదైతే డిస్టిల్డ్ నీళ్ళతో సగానికి సగం కలుపు, కలిపి అమ్మేదైతే అలాగే పోయి. ముందు చక్రాలు ఎత్తున ఉండేలా బండిని ఎగుడు దారి మీద నిలుపు; ఎగుడు వెతుక్కోవలసిన అవసరం మన జిల్లాలో ఎవరికీ లేదు. హీటర్ నాబ్ పూర్తి వేడి మీద ఉంచి, గాలి వదిలే స్క్రూ ఉంటే అది వదులు చేసి, మెల్లగా పోస్తూ మధ్య మధ్య హోసులు చేత్తో నొక్కు. థర్మోస్టాట్ తెరుచుకుని పై హోస్ కాలేవరకూ ఇంజను నడవనివ్వు. మరునాడు చల్లగా ఉన్నప్పుడు మట్టం చూసి కలుపు, ఓ వారం తిరిగాక క్లాంపులు మళ్ళీ బిగించి చూడు.

కొత్త కోర్ కూడా త్వరలోనే చిల్లు పడితే తప్పు దానిది కాకపోవచ్చు. మీటర్ నల్ల తీగ బ్యాటరీ నెగటివ్‌కు, ఎర్ర తీగ మొన కూలెంట్‌లోకి పెట్టి చూడు. ఇంజను నడుస్తూ లైట్లన్నీ వేసి ఉన్నప్పుడు 0.3 వోల్టు దాటి చూపిస్తే ఇంజను ఎర్త్ తీగ తుప్పు పట్టి కరెంటు కూలెంట్ గుండా పోతోందని అర్థం. అల్యూమినియంను తినేసేది అదే. ఎర్త్ తీగ కొస గీకి కొత్త లగ్గు (కొసకు బిగించే లోహపు ముక్క) వెయ్యి.

కోర్ గొట్టాలు రెండూ కనబడేలా బానెట్ కింది నుంచి ఒక ఫోటో, బండి మోడల్, తయారైన సంవత్సరం నాకు పంపు. వచ్చే వారం విశాఖపట్నం సామాను కోసం మనిషి వెళుతున్నాడు, కోర్, హోసులు, పట్టీ అతనితోనే తెప్పిస్తాను. ప్రెషర్ పంపు నా దగ్గరిదే పంపుతాను, పని కాగానే తిరిగి పంపించు.

ఇట్లు,
మీ మామయ్య