ప్రాచీన చరిత్ర చదువుతానంటే నాన్న మాట్లాడటం మానేశారు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఈసీఈలో బీటెక్ చేసి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. కొన్నేళ్లుగా గ్రీకు, రోమన్ చరిత్ర తప్ప ఇంకేదీ చదవబుద్ధి కావడం లేదు. ఉద్యోగం మానేసి ఇంగ్లండ్‌లో ప్రాచీన చరిత్ర ఎంఏ చేయాలని ఉంది. ‘అది చదివి ఏం ఉద్యోగం చేస్తావు? ముందు పెళ్లి చేసుకో, తర్వాత ఇద్దరూ కలిసి వెళ్లండి’ అంటారు నాన్న. నెల నుంచి మాటల్లేవు. మధ్యలో అమ్మ నలిగిపోతోంది. రిజైన్ లెటర్ రాసి పెట్టుకున్నాను. ఇచ్చేయమంటారా?
– ఒంగోలు పాఠకురాలు

ఇప్పుడే ఇవ్వకండి. మీరు పుస్తకాల గురించి రాశారు, కోర్సు గురించి రాశారు. భాష గురించి ఒక్క ముక్క రాయలేదు. ఈ చదువులో అసలు వడపోత అక్కడే జరుగుతుంది.

గ్రీకు, లాటిన్ రాకపోయినా సీటిచ్చే ప్రాచీన చరిత్ర ఎంఏలు ఇంగ్లండ్‌లో ఉన్నాయి. చేరాక నేర్చుకోవచ్చంటారు. ఏడాది కోర్సు, అందులో వ్యాసాలు, చివర్లో డిసర్టేషన్. వాటి మధ్య అక్షరాల దగ్గర మొదలుపెట్టిన గ్రీకు ఎంతదూరం వెళ్తుంది? అనువాదాలతోనే ఎంఏ గట్టెక్కుతుంది, పీహెచ్‌డీ దగ్గర బండి ఆగిపోతుంది. అమెరికాలో క్లాసిక్స్ (గ్రీకు, లాటిన్ సాహిత్యం, చరిత్రల చదువు) పీహెచ్‌డీకి రెండు భాషల్లోనూ కొన్నేళ్ల చదువు ఉందా అని చూస్తారు. పరిశోధన వ్యాసాలు చదువుకునేంత జర్మన్, ఫ్రెంచ్ కూడా అడుగుతారు. వేరే డిగ్రీ నుంచి వచ్చి భాషలు చాలనివాళ్ల కోసం పెన్సిల్వేనియా, కొలంబియా యూనివర్సిటీల్లో పోస్ట్ బ్యాకలారియేట్ అనే కోర్సు పెట్టారు. అక్కడ ముఖ్యమైన పని భాషలే. చివర వచ్చేది సర్టిఫికెట్, డిగ్రీ కాదు. ఈ తేడా నాన్నగారికి ముందే చెప్పాలి.

కాబట్టి జీతం వస్తుండగానే లాటిన్ మొదలుపెట్టండి. రోజుకు గంట, వారానికి ఆరు రోజులు. ఎక్కువమంది వాడే వీలాక్ పుస్తకంలో 40 పాఠాలున్నాయి. వారానికొకటి చొప్పున దాదాపు పది నెలల పని.

తెలుగువాళ్లకు ఇందులో కొంత సుళువుంది. లాటిన్‌లో ‘పుయెల్లా’ అంటే అమ్మాయి, ‘పుయెల్లం’ అంటే అమ్మాయిని. ‘అగ్రికొలా పుయెల్లం అమాత్’ అన్నా, ‘పుయెల్లం అగ్రికొలా అమాత్’ అన్నా ప్రేమించేది రైతే. మాటల వరస మీద ఆధారపడే ఇంగ్లిష్‌వాళ్లు ఇక్కడ తికమక పడతారు, మనం పడం. మనం పడేది విశేషణాల దగ్గర. మంచి అబ్బాయి, మంచి అమ్మాయిని, మంచి ఊళ్లో... మన ‘మంచి’ ఎక్కడా మారదు. లాటిన్‌లో అది నామవాచకం లింగం, వచనం, విభక్తి మూడూ చూసుకుని మారాలి. పైగా ‘అగ్రికొలా’ చూడ్డానికి ‘పుయెల్లా’ లాగే ఉన్నా పుంలింగం కనుక మంచి రైతు ‘బోనుస్ అగ్రికొలా’ అవుతాడు, ‘బోనా’ అంటే తప్పు. ఇంటర్‌లో సంస్కృతం తీసుకుని ఉంటే ఈ గొడవ ఎక్కడో విన్నట్టే ఉంటుంది. మార్కుల కోసం తీసుకున్న సంస్కృతమైతే ఆ ఆశ పెట్టుకోకండి.

మధ్యలో మానేసేవాళ్లు ఎక్కువగా రెండు చోట్ల జారిపోతారు. ఒకటి ఏడో పాఠంలో మొదలయ్యే మూడో డిక్లెన్షన్ (నామవాచకాల విభక్తి రూపాల్లో ఒక వర్గం), రెండోది 28వ పాఠం నుంచి వచ్చే సబ్‌జంక్టివ్ (కోరిక, అవకాశం లాంటివి చెప్పే క్రియారూపం). పట్టికలను కళ్లతో చదివి వచ్చేసిందనుకోవడమే కారణం. చేత్తో రాయాలి. ఇంగ్లిష్ నుంచి లాటిన్‌లోకి రాసే అభ్యాసాలు వదలకూడదు. ఎడమ పేజీలో మూలం, కుడి పేజీలో ఇంగ్లిష్ ఉండే లోయెబ్ పుస్తకాలు (ఎర్ర అట్ట లాటిన్, ఆకుపచ్చ అట్ట గ్రీకు) మొదటి ఏడాది కొనకండి. చూపు కుడివైపుకే పోతుంది. లాటిన్ ఆరు నెలలు నిలదొక్కుకున్నాక గ్రీకు. 24 అక్షరాలు వారంలో వస్తాయి, క్రియలకు మాత్రం ఓపిక కావాలి.

పది నెలల తర్వాత సీజర్ రాసిన ఒక పేజీ అనువాదం చూడకుండా, డిక్షనరీతో చదవండి. గంటన్నర పట్టినా ఫర్వాలేదు. ఇంకో పేజీ తిప్పాలనిపిస్తే రిజైన్ లెటర్ సంగతి అప్పుడు చూద్దాం. మూడో నెలలోనే పుస్తకం అటకెక్కితే మీకు విసుగు పుట్టింది ఉద్యోగం మీద కావచ్చు. దానికి కంపెనీ మారితే చాలు, దేశం మారక్కర్లేదు.

అప్లికేషన్‌లో బీటెక్‌వాళ్లు దెబ్బతినేది రైటింగ్ శాంపిల్‌లో, అంటే నమూనాగా పంపే వ్యాసంలో. ఒక యుద్ధం గురించో చక్రవర్తి గురించో తెలిసిందంతా పేర్చేస్తారు. యూనివర్సిటీకి కావలసింది వాదన. ఉదాహరణకు, రోమ్ నుంచి ఇండియా ఏటా 5 కోట్ల సెస్టెర్సులు (రోమన్ నాణేలు) లాగేస్తోందని 1వ శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఆ అంకె ఎంతవరకు నమ్మొచ్చు? అదే శతాబ్దపు గ్రీకు రచన పెరిప్లస్‌లో మన కోస్తా ‘మసలియా’ పేరుతో, సన్నని నూలు బట్టలతో సహా కనిపిస్తుంది. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో వేయికి పైగా రోమన్ వెండి నాణేలు దొరికాయి. ఈ మూడింటినీ ఒకదానితో ఒకటి నిలదీస్తే పదిహేను పేజీల మంచి శాంపిల్ అవుతుంది. రికమండేషన్లు ఇంజినీరింగ్ ప్రొఫెసర్ల దగ్గర మాత్రమే తెస్తే పెద్దగా పనికిరావు. ఆన్‌లైన్ భాషా తరగతుల్లో చేరి, మీ రాత చదివిన ఒక టీచరైనా ఉండేలా చూసుకోండి.

ఇక నాన్నగారి ప్రశ్న. అది మొండితనం కాదు, సరైన ప్రశ్నే. ఈ రంగంలో ఉద్యోగాలు తగ్గుతున్నాయి. అమెరికాలో హోవర్డ్ యూనివర్సిటీ 2021లో తన క్లాసిక్స్ విభాగాన్నే ఎత్తేసింది. మన దేశంలో గ్రీకు, లాటిన్ పోస్టుల మీద ఆశ పెట్టుకోలేం. ‘ఏదో ఒకటి వస్తుంది లెండి’ అనకండి, ఆయన నమ్మరు. ఒక కాగితం మీద రాసివ్వండి: ఏ నెలలో అప్లై చేస్తారు, ఎంతవుతుంది, ఎక్కడి నుంచి వస్తుంది, కుదరకపోతే ఏ వయసులో మళ్లీ సాఫ్ట్‌వేర్‌కి వస్తారు. లండన్ బయట కూడా ఫీజు, ఖర్చులు కలిపి 35 లక్షలకు పైనే అనుకోవాలి. 7.5 లక్షలు దాటిన ఎడ్యుకేషన్ లోన్‌కు బ్యాంకులు మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతాయి. ఈ చదువు కోసం ఇల్లు తాకట్టు పెట్టించడాన్ని నేను ఒప్పుకోను. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కు రెండేళ్ల ఉద్యోగ అనుభవం అడుగుతారు, అది మీకు ఉంటే ప్రయత్నించండి. కోర్సయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్నది దాని షరతు. ఆ మాట నాన్నగారికి కాస్త ఊరటనిస్తుంది కూడా. సొంత డబ్బుతో వెళ్తే వీసాకు ముందు ఆ సొమ్ము వరసగా 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి. చివరి వారంలో చేబదులు తెస్తే వీసా పోతుంది.

‘పెళ్లి చేసుకుని ఇద్దరూ వెళ్లండి’ అన్న మాట సొంత ఖర్చుతో ఇంగ్లండ్ వెళ్తే కుదరదు. 2024 జనవరి నుంచి సొంత ఖర్చుతో వచ్చే మామూలు ఎంఏ విద్యార్థులు భార్యనో భర్తనో డిపెండెంట్‌గా తీసుకెళ్లే వీలు లేదు. ఇది గొడవలో గెలవడానికి కాకుండా, సమాచారంగా చెప్పండి. అలాగని ఎంఏని పెళ్లి వాయిదాకు అడ్డం పెట్టుకోకండి. ఇప్పుడే పెళ్లి వద్దనుకుంటే అది వేరే మాట, వేరేగా చెప్పాలి. సంబంధాలు చూడటానికి ఒప్పుకుంటే, ఏడాది చదువుకు ఒక్కదాన్నే వెళ్తానన్న సంగతి మొదటిసారి మాట్లాడినప్పుడే అబ్బాయికి మీరే చెప్పండి. మధ్యవర్తి నోట అది ‘అమ్మాయి ఫారిన్ వెళ్తోందట’గా మారిపోతుంది.

అమ్మ చేత కబురు పంపడం మాత్రం ఈ వారమే మానేయండి. కాగితం తయారయ్యాక ఒంగోలు వెళ్లి నాన్నగారి చేతికి మీరే ఇవ్వండి. జవాబు ఆ రోజే చెప్పమని అడగొద్దు. మీ లాటిన్‌కు ఎలాగూ పది నెలలు పడుతుంది.